జనం మనిషికి పేర్లు అందించినవాడు

వెతీలియుస్ దొర చెయ్యి చాచినప్పుడల్లా నికానోరు గుండె ఒకసారి ఆగి కొట్టుకునేది. చెయ్యి దొరది, నవ్వు దొరది, "ఏమయ్యా, బాగున్నావా?" అన్న పలకరింపూ దొరదే. ఆ పలకరింపుకు తగిలించాల్సిన పేరు మాత్రం నికానోరు అందించాలి. దొర ఎడమ భుజం వెనకే నడుస్తూ, ఎదురొచ్చేది ఎవరో ముందుగానే ఆనవాలు పట్టి, పెదవులు కదిలీ కదలనట్టు ఆ పేరు చెవిలో వెయ్యాలి. దానితోపాటు ఇంకో ముక్క కూడా వెయ్యాలి. కూతురి పెళ్ళి కుదిరిందా, కొట్టు కాలిపోయిందా, తల్లి పోయిందా, ఏదో ఒకటి. దొర అది అందుకుని, ఆ మనిషి ఇంట్లోనే పుట్టి పెరిగినట్టు మాట్లాడతాడు.

రోము నగరంలో పదవికి నిలబడ్డ ప్రతి పెద్దమనిషి వెనకా ఇలాంటి బానిస ఒకడు ఉండేవాడు. ఇందులో గుట్టేమీ లేదు. ఓటు వేసేవాడికీ తెలుసు, వాడి పెళ్ళానికీ తెలుసు. అయినా సున్నం కొట్టిన గోడలా తెల్లగా మెరిసే టోగా కట్టుకుని ఒక పెద్దదొర నడివీధిలో ఆగి, పేరు పెట్టి పిలిస్తే, గాడిదలు తోలుకునేవాడు కూడా ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు. వెనకాల గుసగుస చెవులారా విని కూడా ఉబ్బిపోయేవాడు. మనుషులకు ఈ జబ్బు ఎప్పటికి తగ్గుతుందో తెలియదు.

నికానోరు ఈ పనిలోనే జుట్టు నెరిశాడు. సిరియాలో అపామియా దగ్గర ఒక గొర్రెల కాపరి కొడుకు. యుద్ధంలో పట్టుబడి, చేతులు మారి మారి, చివరికి వెతీలియుస్ తండ్రి ఇంట్లో తేలాడు. చిన్నప్పుడు తన తండ్రి గొర్రెల మందలో ఏది ఏ గొర్రె పిల్లో చూడగానే చెప్పినవాడు కాబట్టి, మనుషుల మొహాలూ అలాగే పట్టుబడ్డాయి. ముసలి దొర అది కనిపెట్టి ఈ పనిలో పెట్టాడు. కొడుకు ఇప్పుడు నగరాధికారి పదవికి నిలబడ్డాడు. బజార్లు, వీధులు, పండగ ఆటలు అన్నీ చూసుకునే పదవి. ప్రచారానికి బయల్దేరిన మొదటిరోజే, ఇంటి వాకిట్లో నలుగురి ఎదుటా నికానోరు భుజం తట్టి, "నన్ను గెలిపించరా, నీ నెత్తిన టోపీ పెడతాను" అన్నాడు.

ఉన్నితో చేసిన ఆ కోసు టోపీ బానిసత్వం పోయిందనడానికి గుర్తు. అది నెత్తికెక్కితే నికానోరు మనిషవుతాడు, పౌరుడవుతాడు, రేపెప్పుడో ఓటు కూడా వేస్తాడు. దొర అన్న ఆ ముక్కను అతను రోజుకు ఎన్నిసార్లు నెమరు వేసుకున్నాడో లెక్కే లేదు.

అయితే ఆ ఏడు వసంతం నుంచి అతని కళ్ళకు పొగ కమ్మడం మొదలైంది.

మొదట దీపం చుట్టూ ఒక వలయం కనిపించింది. తర్వాత దూరంగా వచ్చేవాళ్ళ మొహాలు చెరిగిపోయాయి. ఎండ తగ్గినట్టుంది అనుకున్నాడు కొన్నాళ్ళు. ఒకరోజు సొంత చేతి గోళ్ళు కనిపించకపోయేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పట్నుంచి మొహాలు వదిలేసి నడకలు పట్టుకున్నాడు, దగ్గులు పట్టుకున్నాడు, వాసనలు పట్టుకున్నాడు. రొట్టెలు కాల్చేవాడి దగ్గర పిండి వాసన, తోళ్ళవాడి దగ్గర తోళ్ళ కంపు, చేపల ఊట అమ్మేవాణ్ణి గురించి చెప్పనే అక్కర్లేదు. ఇంతవరకూ నెట్టుకొచ్చాడు. అయినా ప్రతి ఉదయం దొర వెనక గడప దాటేటప్పుడు ముచ్చెమటలు పోసేవి.

ఎందుకంటే ఆ ఇంట్లో కళ్ళు పోయిన బానిస గతి ఏమిటో అతను చూశాడు. వంటమనిషి ఒకడు పొయ్యి పొగకు చూపు పోగొట్టుకుంటే, పల్లెలో దొర పొలానికి పంపేశారు. అక్కడ గాడిదలు తిప్పే పెద్ద తిరగలికి కట్టారు. తిరగలి తిప్పడానికి కళ్ళతో పనేముంది అన్నాడు ఇంటి పెత్తందారు.

అతని చూపు తగ్గుతున్న సంగతి తెలిసింది ఒక్క అమ్మియాకే. ఆమెదీ అపామియా వైపే. బానిసగా వచ్చి, యజమానురాలు చనిపోతూ విడిచిపెట్టాక, పశువుల సంత పక్క సందులో వేడి శనగలు, ఉడికించిన కాబేజీ, నీళ్ళు కలిపిన వేడి ద్రాక్షసారా అమ్ముకునే కొట్టు పెట్టుకుంది. దొర మధ్యాహ్నం కునుకు తీసేవేళ నికానోరు అక్కడికి వెళ్ళి కూర్చునేవాడు.

వాళ్ళిద్దరి సొంత భాష ఎప్పుడో మొద్దుబారిపోయింది. అందుకని ఆమె రోము మాటలోనే అతన్ని "పోపులారిస్" అని పిలిచేది. పోపులుస్ అంటే జనం. పోపులారిస్ అంటే ఆ జనానికి చెందినవాడు, ఒకే ఊరివాడు, మనవాడు. పరాయిదేశంలో ఇద్దరు బానిసలు తారసపడి, తమది ఒకటే మట్టి అని తెలిస్తే, చేతులు పట్టుకుని చెప్పుకునే మాట అది. దొరల సభలో ఆ మాటకు వేరే రంగు పడింది. జనం పక్షాన మాట్లాడేవాణ్ణి పోపులారిస్ అన్నారు. అయినవాళ్ళు మెచ్చుకోలుగా అన్నారు, కానివాళ్ళు ఉమ్మేసినట్టు అన్నారు. రానురాను జనం మెప్పు కోసం వేసే వేషాలన్నీ ఆ మాట కిందికే చేరాయి. ఇవాళ మన నోళ్ళలో పాపులారిటీ అని నలుగుతున్న మాటకు పుట్టిల్లు ఆ వీధులే.

"ఏం ఊరోడా, మొహం అలా వేలాడేశావేంటి?" అంది అమ్మియా, గిన్నె ముందు పెట్టి.

"ఏం లేదులే. రేపు సంతరోజు. ఊరు ఊరంతా ఫోరంలోనే ఉంటుంది."

"మీ దొర కూడా జనం మనిషంటగా? గోడలనిండా అదే రాశారు. ఆయనది కూడా మన ఊరేనా ఏంటి కొంపదీసి?"

"నోరు ముయ్యవే. ఎవరైనా వింటారు."

"వింటే విననీ. మొన్న ఇదే గుమ్మంలో నిలబడి నా శనగ గింజ ఒకటి నోట్లో వేసుకుని 'ఆహా!' అన్నాడు. సందు తిరిగాక ఉమ్మేశాడని ఎదురింటావిడ చూసి చెప్పింది. జనానికి చెందినవాడంట! చెందడమంటే ఏంటో ఆయనకేం తెలుసయ్యా? ఒకళ్ళకి చెంది బతికినోళ్ళం మనం."

నికానోరు నవ్వబోయి, గిన్నె కోసం చెయ్యి చాచాడు. చెయ్యి గిన్నె పక్కన బల్ల మీద పడింది. అమ్మియా నవ్వు ఆగిపోయింది. గిన్నెను అతని చేతికిందికి జరిపింది.

"ఇంకా తగ్గిందా చూపు?"

"ఎన్నికలైపోనీ. అప్పటిదాకా ఈ కాస్తా ఉంటే చాలు" అన్నాడు.

మర్నాడు ఊరి నడిబొడ్డు మైదానమైన ఫోరంలో ఇసుక వేస్తే రాలని జనం. పల్లెలనుంచి వచ్చినవాళ్ళు, బాకీ తీర్చలేక తప్పించుకు తిరిగేవాళ్ళు, పావురాలు అమ్మేవాళ్ళు, అన్ని వాసనలూ కలిసిపోయి నికానోరుకు ఏ ఒక్కటీ విడిగా అందలేదు. దొర మంచి హుషారు మీదున్నాడు. టోగాకు పట్టించిన సుద్దపొడి అతను చెయ్యి ఊపినప్పుడల్లా రాలుతోంది. వెంట వచ్చిన ఆశ్రితులు దారి చేస్తున్నారు.

"అవిల్లియుస్ ఎక్కడ?" అన్నాడు దొర పళ్ళ సందునుంచి. "వాడు దొరకాలి ఇవాళ."

తితుస్ అవిల్లియుస్ అద్దకం పనివాళ్ళ సంఘానికి పెద్ద. అతను తల ఊపితే వాళ్ళ వీధి వీధంతా అటే పడుతుంది. సంతరోజున అతను నిలబడే చోటు నికానోరుకు తెలుసు. పెద్ద మండపం మెట్ల దగ్గర, రెండో స్తంభం పక్కన. అటు చూశాడు. ఆ చోట ఒక వెడల్పాటి ఆకారం నిలబడి ఉంది. దగ్గరికి వెళ్తుంటే అద్దకం తొట్ల కుళ్ళు వాసన గుప్పుమంది. మనిషి గరగరమని దగ్గాడు. అవిల్లియుస్ కూడా అలాగే దగ్గుతాడు.

"స్తంభం దగ్గర, తితుస్ అవిల్లియుస్. మనవడికి జ్వరం" అని దొర చెవిలో వేశాడు.

దొర రెండు చేతులూ చాచి ఆ మనిషి మీద పడ్డాడు. "తితుస్! నా తితుస్ అవిల్లియుస్! నిన్ను చూడకుండా ఇల్లు చేరేవాణ్ణి కాదు. మీ మనవడి జ్వరం తగ్గిందా? మా ఆవిడ రోజూ అడుగుతోంది."

పక్కనున్నవాడెవడో ఫక్కున నవ్వబోయి నోరు నొక్కుకున్నట్టు చప్పుడైంది.

ఆ చిన్న చప్పుడుకే నికానోరుకు అర్థమైపోయింది. ఇతను అవిల్లియుస్ కాదు. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇప్పుడు ఈ మనిషి "నేను వాణ్ణి కాదు దొరా" అంటాడు. మెట్ల మీదున్న జనం గొల్లుమంటారు. సాయంత్రానికల్లా నగరమంతా ఇదే పాట పాడుతుంది. జనం మనిషికి జనంలో ఎవరు ఎవరో తెలియదంట! దొర వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ తర్వాత తిరగలి.

"తగ్గింది దొరా" అన్నాడు ఆ మనిషి. కాస్త బొంగురు గొంతు, అవిల్లియుస్‌ది కానేకాదు. "నిన్న లేచి కూర్చున్నాడు. గంజి తాగాడు."

"దేవతల దయ!" అని దొర ఆ చెయ్యి గట్టిగా ఊపి, ముందుకు కదిలాడు.

నికానోరు ఎలా కదిలాడో అతనికే తెలియదు. ఆ రోజు ఇంకా ఎన్నో పేర్లు అందించాడు. అన్నీ సరిగ్గానే పడ్డాయి. ఒక్కటీ తర్వాత గుర్తు లేదు.

ఆ రోజునుంచి అతనికి తిండి సయించలేదు. ఎవరా మనిషి? ఎందుకు తలూపాడు? పేదవాడైతే పట్టుకుని పీడించడానికే అయి ఉంటుంది. ఎదుటి పక్షంవాడైతే ఓట్ల ముందురోజు బయటపెట్టి నవ్వులపాలు చెయ్యడానికి దాచుకుని ఉంటాడు. ఊళ్ళో సగంమంది పేర్లు తెలిసిన నికానోరుకు, తన ప్రాణం ఎవడి నోట్లో ఉందో వాడి పేరు తెలియదు. మొహమైనా తెలియదు. ఎదురుగా వచ్చి నిలబడినా ఆనవాలు పట్టలేడు.

దానికి తోడు అసలు అవిల్లియుస్ సంగతి ఒకటి. తనని తప్ప ఇంకెవణ్ణో తన పేరుతో కావిలించుకున్నారని తెలిస్తే ఊరుకుంటాడా? ఈ భయానికి మాత్రం అమ్మియా దగ్గర మందు దొరికింది. ఆమె నవ్వలేక, నవ్వు ఆపుకోలేక చెప్పింది.

"అవిల్లియుస్ నిన్న ఇక్కడే తాగాడు ఊరోడా. ఏం కోతలు కోశాడనుకున్నావ్! 'వెతీలియుస్ దొర నన్ను నలుగురిలో కావిలించుకున్నాడు. చెయ్యి పట్టుకుని వదల్లేదు. మనవడి గురించి అడుగుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు' అని ఊదరగొట్టాడు."

"అతను అసలు ఆ రోజు ఫోరానికే రాలేదే!"

"రాలేదని ఎవరంటారు? ఊరంతా చూశామంటోంది. తనకి అంత గౌరవం జరిగిందని జనం చెప్పుకుంటుంటే, కాదని ఎందుకంటాడు?"

ఆ బరువు దిగింది. కానీ ఆ బొంగురు గొంతు మాత్రం నికానోరు చెవిలోంచి పోలేదు. అమ్మియా చేత మళ్ళీ మళ్ళీ అడిగించుకుని, తెలిసిందంతా చెప్పాడు. వెడల్పాటి మనిషి, గరగరమనే దగ్గు, అద్దకం వాసన.

"అద్దకంవాడైతే వాళ్ళ సంఘం పెద్ద పేరు వాడుకునే ధైర్యం చెయ్యడు" అంది అమ్మియా ఆలోచించి. "పాతబట్టలవాడై ఉంటాడు. అద్దకం కొట్ల వెనకాల పారేసిన గుడ్డముక్కలు ఏరుకుని అతుకుల దుప్పట్లు కుడతారే, వాళ్ళకీ ఆ కంపే కొడుతుంది. చూద్దాం ఉండు. నా దగ్గర తినకుండా ఈ పేటలో ఎవడు బతుకుతాడు?"

ఎన్నిక ఇంకా కాస్త దూరంలో ఉందనగా, ఒక మధ్యాహ్నం నికానోరు కొట్లో కూర్చుని ఉండగా గుమ్మంలో ఎవరో దగ్గారు. అతని చేతిలో రొట్టెముక్క జారిపోయింది.

"ఎవరో తితుస్ అవిల్లియుస్‌ని వెతుకుతున్నారంట" అంది ఆ బొంగురు గొంతు. "నేనేనయ్యా. మా మనవడు గంజి తాగాడు."

నికానోరు లేచి నిలబడ్డాడు. "నీకేం కావాలి?"

"శనగలు. ఉప్పు కాస్త తగ్గించి వెయ్యమ్మా, పోయినసారి నాలుక మండింది."

"ఎగతాళి వద్దు. నా దగ్గర ఇవ్వడానికేం లేదు. నేను బానిసని."

"బానిసవని తెలిసే కదా నోరు మూసుకున్నది" అంటూ ఆ మనిషి బల్ల మీద చతికిలబడ్డాడు. "నా పేరు స్తాబిలియో. నేనూ మొన్నమొన్నటిదాకా నీలాగే. ఇదిగో, మీ దొర వచ్చి మీద పడ్డప్పుడు ఆయన మొహం నేను చూళ్ళేదు. భుజం వెనకాల నీ మొహం చూశా. నెత్తురు చుక్క లేదు. మా దొరసాని గాజుగిన్నె నేను పగలగొట్టిన రోజు నా మొహం కూడా అట్టాగే ఉండి ఉంటది. ఆ రోజు నా తరఫున ఒక్కడు అబద్ధం చెప్పుంటే బావుండేదనుకున్నా. ఎవడూ చెప్పలేదు." వీపు గీరుకుంటున్న చప్పుడైంది. "పేరుదేముందయ్యా! ఏ పేరు పెట్టి పిలిచినా పట్టుకున్నది నా చెయ్యే కదా."

నికానోరు కూర్చున్నాడు. "మరి మనవడు? జ్వరం?"

"నాకు మనవడు లేడు. ఉంటే బావుండును అనిపించింది అడగ్గానే. అందుకే గంజి కూడా తాగించేశా."

అమ్మియా పకపకా నవ్వింది. నికానోరుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎవరికైనా చెప్పావా?"

"మా ఆవిడకి చెప్పా. పొర్లి పొర్లి నవ్వింది. భయపడకు, దాని నోరు గట్టిది." స్తాబిలియో ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంకోటి కూడా చెప్పలేదులే ఎవరికీ. నీ కళ్ళ సంగతి. నేనొచ్చి ఎదురుగా కూర్చున్నా, నువ్వింకా గుమ్మంతోనే మాట్లాడుతున్నావ్."

నికానోరు గొంతు వినపడ్డ వైపు తిరిగాడు. "మా దొరకే ఓటు వేస్తావా అయితే?" అన్నాడు. అలవాటైన నోరు కదా.

"అబ్బే! మీవాడు నా చెయ్యి వదిలాక టోగాకి తుడుచుకున్నాడు. నేను చూశాగా. ఓటు ఇంకోడికి."

ఓట్లు వేసే రోజు వచ్చింది. నది ఒడ్డున మైదానంలో తాళ్ళు కట్టి, పౌరులను తెగలుగా విడదీసి, ఒక్కో తెగను ఒక్కో గాటిలోకి తోలి ఓటు వేయించేవారు. జనం దాన్ని గొర్రెలదొడ్డి అనే పిలిచేవాళ్ళు. బానిసకు అందులోకి ప్రవేశం లేదు. నికానోరు తాడు బయట నిలబడి చెవులు రిక్కించాడు. చాటింపువాడు తెగల వారీగా ఫలితాలు అరుస్తుంటే వెతీలియుస్ పేరు ఒకసారి వినపడేది, రెండుసార్లు వినపడేది కాదు. మధ్యాహ్నం దాటింది. ఒక దశలో ఇక లాభం లేదనుకుని, తిరగలి చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నేల మీద కూలబడ్డాడు. అప్పుడు అద్దకంవాళ్ళ వీధి ఉన్న తెగ ఓట్లు చదివారు. ఎన్నికైన నగరాధికారుల్లో చివరివాడిగా, గోరంత తేడాతో దొర గెలిచాడు. జరగని కౌగిలింత ఆయన్ను గెలిపించింది.

మర్నాడు ఇల్లంతా అభినందనలవాళ్ళే. దొర నడవాలో నిలబడి ఒక్కొక్కరినీ పలకరిస్తున్నాడు. నికానోరు భుజం వెనక తన చోట్లో ఉన్నాడు. ఇక ఎంతసేపు, ఈ ఒక్కపూట గడిస్తే చాలు అనుకుంటున్నాడు. అతనికి ఆ ఉదయం మబ్బు పట్టిందో, కళ్ళే ఇంకా మసకబారాయో తెలియలేదు.

"ఆ మూల ఎవరు? లోపలికి రాకుండా నిలబడ్డాడు" అన్నాడు దొర మెల్లగా.

వెడల్పాటి ఆకారం. కదలడం లేదు. చుట్టూ ఇంతమంది, ఏ వాసనా విడిగా తగల్లేదు. తోచిన పేరు అనేశాడు. "అవిల్లియుస్, దొరా."

నికానోరు మొహానికి దగ్గరగా ఏదో కదిలినట్టు గాలి తగిలింది. దొర తన అరచెయ్యి అతని కళ్ళముందు ఆడించి చూస్తున్నాడు.

"అది దీపపుసెమ్మె" అన్నాడు దొర. "దాని మీద ఎవడో వానకంబళి తగిలించాడు. ఎన్నాళ్ళయిందిరా?"

"వసంతం నుంచి దొరా" అన్నాడు నికానోరు. గుండెల్లో రాయి పడింది. ఇంత దూరం లాక్కొచ్చి, గడప మీద బోర్లా పడ్డాడు.

అతన్ని వంటింటి పక్కన కూర్చోబెట్టారు. గోడకు అవతల దొర, పెత్తందారు మాట్లాడుకుంటున్నారు. కళ్ళు పోయినా చెవులు పోలేదన్న సంగతి వాళ్ళకు తట్టలేదు.

"అమ్ముదామంటే ఎవడు కొంటాడు దొరా? తిరగలికి కూడా ఒళ్ళు సరిపోదు. ముసలాడు. ఉంచితే తిండి దండగ."

"టోపీ పెడతానని అందరి ముందూ అన్నానుగా" అన్నాడు దొర. "పెట్టేద్దాం. అదీ జనం నిండుగా ఉన్న రోజు చూసి. కళ్ళు పోయిన బానిసకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడని చెప్పుకుంటారు."

అలాగే జరిగింది. న్యాయాధికారి ఎదుట, కర్ర తాకించి, దొర అతన్ని ఒక చుట్టు తిప్పి, చెయ్యి వదిలేశాడు. నెత్తిన టోపీ పడింది. జనం చప్పట్లు కొట్టారు. "ఎంత దయగల దొర!" అంది ఎవరో ఆడమనిషి, ఏడుస్తూ. నికానోరు కూడా ఏడ్చాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన సంతోషం అందులో ఉంది, కాదనలేం. తనను దుకాణంలో చెడిపోయిన సరుకులా బయట పెట్టారన్న మంట కూడా ఉంది. చప్పట్లు మాత్రం దొరకే పడ్డాయి.

అమ్మియా అతన్ని చెయ్యి పట్టుకుని కొట్టుకు తీసుకుపోయింది. "రెండు చేతులున్నాయిగా, పిండి పిసుకు" అంది. అతను పిండి పిసికాడు. ఏడాది తిరిగేసరికి వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియకుండా పోయింది. గుమ్మంలో అరుగు మీద కూర్చుని, వచ్చేవాళ్ళను అడుగుల చప్పుడుతోనే పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పిలుపు కోసమే వచ్చి తినేవాళ్ళు కొందరు తయారయ్యారు. స్తాబిలియో అయితే రోజూ వచ్చి, ఉప్పు ఎక్కువైందని రోజూ పోట్లాడేవాడు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఒక ఉదయం సందులోకి సుద్దపొడి వాసన వచ్చింది. వెనకే గుంపు అడుగులు. నికానోరుకు ఒళ్ళు బిగుసుకుంది. ఇప్పుడు తనకేం భయమని ఎంత చెప్పుకున్నా, అరచేతులు చల్లబడ్డాయి. ఇన్నేళ్ళ అలవాటు ఒక టోపీతో పోతుందా?

కొత్త దొర ఎవరో వచ్చి అతని పిండిచెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. "సెర్వియుస్! మన చెప్పులు కుట్టే సెర్వియుస్! మీ ఆవిడ కాలునొప్పి ఎలా ఉంది?"

పక్కన స్తాబిలియో ఫక్కున నవ్వబోయి నోరు నొక్కుకున్నాడు. లోపల అమ్మియా గరిటె చప్పుడు ఆగిపోయింది.

వాటన్నిటి వెనక, దొర భుజం వెనకాల, ఎవరిదో ఊపిరి ఆగిపోవడం నికానోరుకు వినపడింది. లోపలికి పీల్చిన గాలి లోపలే ఉండిపోయింది. ఆ ఊపిరి అతనికి బాగా తెలుసు. ఆ మనిషి కాళ్ళూ చేతులూ ఇప్పుడు ఎలా ఉన్నాయో, అతని కళ్ళముందు ఏ తిరగలి తిరుగుతోందో కూడా తెలుసు.

"దేవతల దయ దొరా" అన్నాడు నికానోరు గట్టిగా, వీధంతా వినేలా. "నిన్నే లేచి నడిచింది. నీళ్ళు కూడా తనే మోసుకొచ్చింది."

దొర సంతోషపడి చెయ్యి వదిలి ముందుకు సాగాడు. గుంపు కదిలింది. చివరగా వెళ్తున్న ఒక చెయ్యి నికానోరు మోచేతిని పట్టీపట్టనట్టు తాకి, ఒక్క క్షణం ఆగింది.

నికానోరు దాని వైపు తిరిగి, పెదవులు కదిలీ కదలని తన పాత గొంతుతోనే, "భయపడకు ఊరోడా" అన్నాడు.